సైకిలుకు తలంటు

“అత్తయ్యా, నా సైకిలుకి తలంటు పోశారా?”

వరండాలోంచి కోడలు పెట్టిన కేకకు ఇంట్లో భర్త కాఫీ ఒలకబోసుకున్నాడు. సైకిలు ధగధగా మెరిసిపోతోంది. అది తుడిస్తే వచ్చిన మెరుపు కాదు. చైను మీద, పళ్ల చక్రాల మీద, గేరు వైరు మీద గాజు పూసినట్టు మంచు పేరుకుంది.

“మరి పందేనికి ఆ మట్టితోనే వెళ్తావా?” అంటూ అత్తగారు శాలువా సర్దుకుంటూ వచ్చింది. “వేణ్ణీళ్లతో శుభ్రంగా కడిగి ఆరబెట్టాను. మెచ్చుకోవడం తర్వాతలే, ముందు తయారవ్వు.”

“ఆరబెట్టారా! బకెట్లో నీళ్లే బండరాయిలా ఉంటే సైకిలు ఆరుతుందా?”

“ఆరకపోతే గుడ్డ పెట్టి తుడువు. దానికి ఇంత రాద్ధాంతం ఎందుకు?”

మూడేళ్లుగా ప్రతి చలికాలం కోడలు ఈ ఇంట్లో భోజనాల బల్ల ముందు పాఠాలు చెబుతూనే ఉంది. గడ్డకట్టే చలిలో సైకిలుకు నీళ్లు తగలకూడదు. తగిలితే వైరు గొట్టంలోకి దిగి బిగుసుకుంటాయి, ఏ గేరులో ఉన్నది ఆ గేరులోనే ఉండిపోతుంది. టైర్లలో గాలి కాస్త తగ్గించాలి. నీళ్ల సీసాను తలకిందులుగా పెట్టాలి, లేకపోతే మూతి దగ్గర గడ్డకట్టి చుక్క రాదు. రెండో వాక్యానికల్లా భర్త కునికేవాడు. అత్తగారు మాత్రం క్యారెట్లు తరుగుతూ సరిగ్గా ఊఁ కొట్టాల్సిన చోటల్లా ఊఁ కొట్టేది. ఊఁ కొట్టినంత మాత్రాన వింటున్నట్టు కాదని కోడలికి ఇవాళ తెలిసొచ్చింది.

గేరు మీట నొక్కింది. కదల్లేదు. రెండు బొటనవేళ్లతో నొక్కింది. వేళ్లు నొప్పెట్టాయి, మీట మాత్రం బెట్టు వదల్లేదు.

“హెయిర్ డ్రయ్యర్ పెడితే?” అన్నాడు భర్త. పెళ్లయ్యాక సైకిలు విషయంలో అతనిచ్చిన మొదటి సలహా అది.

“నిన్ననే పక్కింటావిడకిచ్చాను. ఊరెళ్లిందనుకుంటా,” అంది అత్తగారు.

కోడలు కూలబడింది. ఈ పందెంలో మొదటి ముగ్గురికే కొండ సహాయ దళంలో చోటు. దారి తప్పినవాళ్లను, కాలు విరిగినవాళ్లను వెతికి తెచ్చే దళం అది. అందులో చేరాలని ఆమెకు మూడేళ్లుగా ఒకటే పట్టు. ముప్పై అయిదు దాటితే దరఖాస్తే తీసుకోరు. ఆమెకు వచ్చే నెలతో ముప్పై అయిదు నిండుతాయి.

అలాగని ఆమె కాళ్లలో బలం లేక కాదు. ఏటా మొదటి రెండు కిలోమీటర్ల చదును దారిలో అందరికంటే ముందు ఆమే. తర్వాత కొండమీదికి తొమ్మిది కిలోమీటర్ల ఎక్కుడు. అందులో సగానికే కాళ్లు చచ్చుబడి, తొమ్మిదో స్థానమో పదకొండో స్థానమో వచ్చేది. భర్త ఆల్బమ్ నిండా ఆమె అందరికంటే ముందున్న ఫొటోలే. అన్నీ మొదటి మలుపు దగ్గరవి. “మొదట్లోనే అంత ఆత్రం దేనికే?” అని పోయినేడు అత్తగారు అడిగితే, “ఇదేం వంట కాదత్తయ్యా, సన్నసెగ మీద పెట్టడానికి,” అని కోడలు నోరు మూయించింది.

“ఇంక వెళ్లి ఏం లాభం?” అంది ఇప్పుడు.

“ఇన్ని తొడుక్కున్నావుగా, విప్పడానికే అరగంట పడుతుంది. వెళ్లిరా,” అంది అత్తగారు.

రెండు జతల మేజోళ్లు, మధ్యలో ప్లాస్టిక్ కవర్లు, కళ్లు తప్ప ఏమీ కనపడని ముసుగు. నిజమే, విప్పడం కంటే తొక్కడమే తేలిక.

ఈల మోగింది. అందరూ వేగం గేర్లలో దూసుకుపోయారు. వెనక పెద్ద చక్రం నుంచి లెక్కపెడితే మూడోదాని మీద బిగుసుకుంది చైను. చదునులో పనికిరాని తేలిక గేరు అది; ఎంత తొక్కినా కాళ్లు గిర్రున తిరగడమే తప్ప సైకిలుకు వేగం లేదు.

“ఏంటక్కా, కుట్టుమిషనా?” అని అరుస్తూ దాటిపోయింది ఎర్ర హెల్మెట్టు పిల్ల. ముసుగులో ముఖం సిగ్గుతో కాలిపోయింది. ఆ చలిలో వెచ్చగా ఉన్నది ఆమె ముఖమొక్కటే.

ఎక్కుడు మొదలైంది. ఒకామె ఆయాసంతో సైకిలు దిగింది. ఇంకో ఇద్దరు జారుడు మంచు దగ్గర తడబడ్డారు. మూడో మలుపు దాటాక గాని కోడలు గమనించలేదు. తనకు ఆయాసం లేదు. కాళ్లు దూదిపింజల్లా ఉన్నాయి. ఒకరిని దాటింది. అయిదుగురిని దాటింది. తర్వాత లెక్క తప్పింది.

ఎక్కుడులో ఎనిమిదో కిలోమీటరు దగ్గర ఎర్ర హెల్మెట్టు నిలబడి తొక్కుతోంది, రైలింజనులా రొప్పుతోంది.

“కొలతలిస్తావా చెల్లీ?” అని కోడలు పక్కనుంచి పోయింది.

ఇంకెవరిని దాటాలా అని తలెత్తి చూస్తే, ముందు ఎవరూ లేరు. ముగింపు గీత ఉంది.

దళం నాయకుడు నారింజరంగు కోటు భుజాల మీద వేసి, “సోమవారం పొద్దున ఆరింటికి,” అన్నాడు. ఆమె అక్కడికక్కడే ఆ కోటు గుండీలన్నీ పెట్టేసుకుంది. భర్త ఏడుస్తూ తీసిన ఇరవై ఫొటోల్లో ఒక్కటీ సరిగ్గా రాలేదు.

ఫ్లాస్కు పట్టుకుని నిలబడ్డ అత్తగారిని కోడలు వాటేసుకుంది.

“గేరు కదిలుంటే ఎప్పట్లాగే ముందే కాళ్లు అరగదీసుకునేదాన్ని అత్తయ్యా. మీ చాదస్తమే గెలిపించింది! అదృష్టం, మూడో చక్రం మీద ఆగింది. చిన్నదాని మీద బిగుసుకునుంటే ఈ కొండ ఎక్కేదాన్నా?”

అత్తగారు తాపీగా ఫ్లాస్కు మూత తిప్పింది.

“మూడోదాని మీదికి మార్చాకే నీళ్లు పోశానమ్మా.”