చెరపని పేజీ

“పుస్తకం చదివితే నిజంగనే భయమైతదా మేడం? బొమ్మ కదలదు, సప్పుడు రాదు. నల్లటి అచ్చరాలకు ఎవడు భయపడ్తడు?”

భూపాల్ చేతిలోని పుస్తకాన్ని బల్ల మీద పెట్టాడు. అట్ట మీద తెల్లచీర దయ్యం, వెనక పాడుబడ్డ బంగళా. నెల దాటి ఆలస్యంగా తిరిగొచ్చిన ఆ పుస్తకాన్ని సమత వెంటనే ముట్టుకోలేదు.

“మనిషిని బట్టి ఉంటది భూపాలన్నా. కొందరికి అయితది.”

“మా అంతమ్మకైతే కాలే. బియ్యం డబ్బా ఎన్క దొరికింది ఇది. సగం దాక చదివి పేజీ మడిచింది.” ఆ మడతను వేలితో చూపించాడు. “మిగిలిన సగం చదవకుండనే పోయింది.”

చేవెళ్ల బస్టాండు ఎదురుగా, బట్టల దుకాణం పై గదిలో సమత ఈ చిన్న లైబ్రరీ పెట్టి మూడేళ్లయింది. పక్కనున్న ముడిమ్యాల నుంచి భూపాల్ భార్య అంతమ్మ ప్రతి బుధవారం కూరగాయల ఆటోలో వచ్చేది. మిగతా ఆడవాళ్లు సంసారాల నవలలు వెతుక్కుంటుంటే ఆమె నేరుగా దయ్యాల అర దగ్గరికి పోయేది. ఉన్న ముప్ఫై నవలలూ చదివేసి, మొయినాబాద్‌లో పాత పుస్తకాలమ్మే వాడి దగ్గర ఇంకేమైనా దొరికితే తెమ్మని సమత ప్రాణం తోడేసేది. పోయిన నెల మిద్దె మెట్ల మీద కాలుజారి పడింది. దవాఖానకు చేరేలోపే అంతా అయిపోయింది.

భూపాల్ ఊళ్లో పదెకరాల ఆసామి, ఒకసారి వార్డు మెంబరుగా కూడా చేశాడు. ఇన్నేళ్లలో ఈ మెట్లెక్కడం ఇదే మొదటిసారి. సమత ఇచ్చిన మంచినీళ్లు తాగి, గ్లాసు చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు.

“ఒక పని మీద వచ్చిన మేడం. చదివిన ప్రతి పుస్తకం ఎన్క అంతమ్మ ఏదో రాస్తుండెనట. మా పక్కింటి సత్తమ్మ చెప్పింది. జర అవి చూపియ్యి. ఇరవై ఆరేండ్లు కాపురం జేసిన. ఏం చదువుతున్నవు, ఏం అనుకుంటున్నవు అని ఒక్కనాడు అడగలే. గిప్పుడు అడుగుదామంటే మనిషే లేదు.”

సమత తల దించుకుంది. చూపించడానికి ఆ రాతలు లేవు. లైబ్రరీ పెట్టిన కొత్తలో ఎవరో మహానుభావుడు ఒక నవల చివర ‘చంపింది వంటమనిషే’ అని రాసిపెడితే, తర్వాత తీసుకున్న రిటైర్డ్ సారు వచ్చి గంటసేపు కొట్లాడాడు. అప్పటి నుంచి తిరిగొచ్చిన ప్రతి పుస్తకాన్నీ తిరగేయడం, పెన్సిలు రాత కనిపిస్తే రబ్బరుతో రుద్దేయడం ఆమెకు అలవాటైపోయింది. అంతమ్మ రాతలనూ అలాగే చదివింది, నవ్వుకుంది, రుద్దేసింది. ఉఫ్‌మని ఊదితే రబ్బరు పొట్టు బల్ల కింద పడేది, పుస్తకం అరలోకి పోయేది.

“చెరిపేసిన అన్నా. తప్పయింది.”

భూపాల్ గ్లాసు బల్ల మీద పెట్టి తనే సర్దిచెప్పాడు. “పోనీ తియ్యి. గిట్లయితదని నీకేం తెలుసు?”

తిట్టినా బాగుండేదనిపించింది సమతకు. ఆ ఓదార్పు ఆమెను ఇంకా కుంగదీసింది.

“ఏం రాసేదో యాదికున్నదా?”

“ఉన్నది. దయ్యాలంటే భయం లేదని రాసేది.”

అతని ముఖం విప్పారింది. “నేను చెప్పలే? గుండె ధైర్యం మనిషి. గని నా తాన మాత్రం మస్తు మర్యాద. నా బండి సప్పుడు ఇనవడ్డదంటే చాలు, పుస్తకం దాచిపెట్టేది. తలుపు కాడికొచ్చి నిలవడేది. ఒక్కనాడు నాకు ఎదురు మాట్లాడలే. ఊర్ల ఎవరినన్న అడుగు.”

ఊళ్లో ఎవరినడిగినా అదే చెబుతారని సమతకు తెలుసు.

“ఒక్కటన్న మిగల్లేదా మేడం?”

ఒకటి మిగిలింది. అంతమ్మ ఆఖరి బుధవారం తిరిగిచ్చిన పుస్తకం బల్ల సొరుగులోనే ఉంది. ఆ రోజు రద్దీలో సమత దాన్ని తెరవలేదు. చావు కబురు విన్నాక తెరిచింది. రబ్బరు చేతిలోకి తీసుకుంది కానీ రుద్దడానికి చెయ్యి రాలేదు. సొరుగు లాగినప్పుడల్లా ఆ అట్ట కనబడి ఆ పూట అన్నం సయించడం లేదు. లేదని చెబితే ఈయన నమ్మి ఇంటికి పోతాడు, ఊరుకుంటాడు. దాన్ని కూడా తాను చెరిపేసినట్టే అవుతుంది. ఆ మనిషి రాసిన మాటను ఇంకెన్నిసార్లు చెరపాలి?

సమత సొరుగు లాగి పుస్తకాన్ని అతని ముందుకు జరిపింది.

“ఇది చదివినకాడికెల్లి నాకు నిద్ర లేదు అన్నా.”

“గంత భయమా?” భూపాల్ నవ్వాడు. “ఏం దయ్యం కథ ఇది?”

“కథ కాదు. చివరి పేజీ తియ్యిండ్రి. అన్ని పుస్తకాలల్ల ఇదే మాట రాసింది. తమాషకు రాస్తున్నది అనుకున్న నేను.”

అతను కళ్లద్దాలు తుడిచి పెట్టుకున్నాడు. భార్య చేతిరాత కనబడగానే కళ్లు చెమ్మగిల్లాయి. ఒక్కో మాట మీదా వేలు పెట్టి, కూడబలుక్కుంటూ పైకే చదివాడు.

“నాకు దయ్యాలంటే భయం లేదు సమతమ్మా, మా ఆయనంటేనే.”