ఓడకు నేర్పిన తుమ్ము

“అది కాదే మనవరాలా, నాను తుమ్మినందుకే ఓడ ఆగిపోనాది! రాస్తన్నావా?” అన్నాడు అప్పలసూరి తాత, ఫిజీ దీవి దగ్గర డెక్కు మీంచి ఫోన్లో.

కెప్టెన్ లేని ఆ ఓడ ప్రయాణికుల అలవాట్లన్నీ నేర్చుకుంటుంది. బయల్దేరేటప్పుడు ఒంటి తుమ్ము కీడనీ, రెండోది పడితే దోషం పోతుందనీ దానికి నేర్పింది తాతే. ఇప్పుడాయనకి జలుబు. దీవి నుంచి బయల్దేరుతుండగా ఆయన తుమ్మగానే ఓడ లంగరు దించి, “కాసిన్ని మంచినీళ్లు తాగు తాతా” అంది.

“ఇంకోటి తుమ్ముతావా, నిన్నిక్కడే దింపెయ్యమంటావా?” అని ప్రయాణికులు మీదికొచ్చారు. ఒకావిడ ఆయన ముక్కు దగ్గర మిరియాల పొడి పెట్టింది. తాత తుమ్మాడు. ఓడ కదిలింది. చప్పట్లు ఆగకముందే మూడో తుమ్ము ఒంటిగా ఊడిపడింది. లంగరు మళ్లీ దిగింది.

“ఇది మీ మామ్మకి సదివి ఇనిపించు. నన్ను దింపేత్తామని ఈల్లంతా నా సామాను సర్దేసినారు. తుమ్మినోడు గడప దాటకూడదని ఓడే తలుపు తియ్యనంటన్నాది!”