తెల్లచార రాయి

...అయినా కాలితో తోసింది రాయినే కదా, మనిషిని కాదు కదా అనుకుంటూ విటోరె శాలువా బిగించుకుంది.

పాల దుకాణం ఇంకా తెరవలేదు. గోడ వెంట మనుషుల బదులు రాళ్లు, ఇటుకలు, చిరిగిన సంచులు వరుస కట్టాయి. ఎవరి రాయి ఎక్కడుంటే వాళ్ల చోటు అదే.

ముందువైపు ఉండాల్సిన తెల్లచార రాయి మురికి కాలువలో పడి ఉంది. దాని చోట విటోరె ఇటుక ఉంది. ఇంట్లో పసిబిడ్డకు జ్వరం.

ఆ రాయి పెట్టిన ముసలాయన వచ్చాడు. కాలువ వైపు చూశాడు. రాయి తీసి, కోటుకు తుడిచి, వరుస చివర పెట్టుకున్నాడు.

తిట్టినా బాగుండేది.

"చూశావుటే, నోరు పెగల్లేదు," అంది మెరుషె. పేట కమిటీ మనిషి. ఎవరు ఎవరితో మాట్లాడినా ఆవిడ చెవిన పడాల్సిందే. "ఒకప్పుడు ఈయనగారి కారొస్తే బజారంతా లేచి నిలబడేది. కొండల్లో తుపాకీ పట్టాడు, మంత్రయ్యాడు, వేదికలెక్కాడు. ఒక్క సాయంత్రంతో అన్నీ పోయాయి. చిత్తడి నేలల్లో ఏళ్ల తరబడి పార పట్టించారు."

"ఏం చేశాడట?"

"అది పార్టీకి తెలుసు. మనకెందుకమ్మా?"

విటోరెకు తెలిసింది ఒక్కటే. తన తండ్రిని ద్రోహి అని తేల్చిన సభలో ఈ ముసలాయన, రఖిప్, వేదిక మీద కూర్చున్నాడు. తండ్రి మళ్లీ ఇంటికి రాలేదు.

ముసలాయన ఆమె దగ్గరికొచ్చాడు.

"అమ్మాయ్, నువ్వు లుత్ఫీ కూతురివి కదూ? అవే కళ్లు."

మెరుషె తల ఇటు తిరిగింది. బదులు పలికితే చాలు, రేపటికి తన భర్త ఉద్యోగం ఉండదు.

"మీరెవరో నాకు తెలీదు," అని విటోరె మొహం తిప్పుకుంది.

ఆయన దాకా రాకముందే పాలు అయిపోయాయి. ఖాళీ సీసా జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

కొన్నాళ్లకు మెరుషే చెప్పింది. "ముసలాడు పోయాడే. శవపేటిక మోయడానికి ఒక్కడూ రాలేదు. చెత్తబండిలో తీసుకెళ్లారు."

విటోరె ఇంటికెళ్లి పాలసీసా బల్ల మీద పెట్టింది.

"అమ్మా, నాన్నను పొట్టన పెట్టుకున్నవాడు చచ్చాడట."

"ఎవరు?"

"రఖిప్."

తల్లి లేచి రేడియో గొంతు పెంచింది. గోడ అవతల ఇంకో కాపురం ఉంది.

"ఆయన కాదే," అంది.

"మరి ఆ సభలో చేతులెత్తిందెవరు?"

"అందరం."

తల్లి తన కుడిచేతిని శాలువా కింద దాచుకుంది.

"అప్పుడు నువ్వు నా కడుపులో ఉన్నావు," అంది తల్లి. "వేదిక మీద ఆయన చెయ్యి ఒక్కటే లేవలేదు. ఆ సాయంత్రం ఆయన్ను తీసుకెళ్లడానికి కారు రాలేదు. పోలీసు బండి వచ్చింది."

మర్నాడు తెల్లచార రాయి వరుస చివరే ఉంది. ఎవరూ ముట్టుకోలేదు.

విటోరె దాన్ని రెండు చేతులా ఎత్తి, పాత చోటికి తెచ్చి పెట్టింది.

"ఎవరిదే ఆ రాయి?" మెరుషె గొంతు ఖంగుమంది.

వరుసంతా చెవులు రిక్కించింది.

"రఖిప్ బాబాయిది," అని విటోరె తన ఇటుకను దాని వెనక్కి జరుపుకుంది.