వెనక్కి నడవనివ్వని వీధి

జనం కిక్కిరిసిపోయి జకార్తాలో ఫుట్‌పాత్‌లన్నీ వన్‌వే చేసి అప్పటికి తొమ్మిదేళ్ళయింది. భీమవరం నుంచి ఆ ఊరు చూడ్డానికి వచ్చిన నాగరత్నానికి ఆ సంగతి తెలుసు. కానీ గుండె పట్టేసినట్టుందంటూ భర్త సోమరాజు బెంచీ మీద కూలబడేసరికి, వెనుక జనం ఆమెను నలభై అడుగులు ముందుకు నెట్టేశారు.

"నువ్వెళ్ళవే, నేనెనకాలే వచ్చేస్తాను!" అని సోమరాజు చెయ్యి ఊపాడు.

ఆమె వెనక్కి తిరగబోతే కాపలా మనిషి అడ్డొచ్చాడు. చెవిలోని అనువాద యంత్రం అతని మాటను తెలుగులో మెత్తగా చెప్పింది. "చుట్టూ తిరిగి రండమ్మా, మూడు గంటలే."

"అదిగో, కనబడుతున్నారయ్యా మా ఆయన!" అని బతిమాలింది. అతను తల అడ్డంగా ఊపాడు.

మూడున్నర గంటలు నడిచి వచ్చేసరికి బెంచీ మీద ఇంకెవరో కూర్చుని ఉన్నారు.

"ఆయన్ని ఎప్పుడో అంబులెన్సు ఎక్కించారమ్మా," అంది అక్కడ ఊడుస్తున్న ఆవిడ.

"ఏ ఆసుపత్రికి తీసుకెళ్ళారు తల్లీ?"

ఆవిడ చీపురుతో రోడ్డు వైపు చూపించింది. వంద గజాల అవతల, కదలని బళ్ళ మధ్య అంబులెన్సు ఇంకా అక్కడే ఉంది. నాగరత్నం పరుగెత్తింది. తలుపు తీసిన నర్సు ఆమెను ఆపలేదు. లోపల సోమరాజు ముఖం మీదకి దుప్పటి కప్పి ఉంది.