నీలం చుక్క

నేను లేని దేశాలకు కంప్యూటర్‌లో పటాలు గీస్తుంటాను. ఆ రాత్రి తీరం గీత పూర్తిచేసి, ఒడ్డున ఎర్ర చుక్క పెట్టాను. అది కింది గదిలో పడుకున్న మా మెలిందక్క అనుకున్నాను. తర్వాత సముద్రానికి నీలం పోశాను. గీతలో ఎక్కడో సందు మిగిలినట్టుంది, నీలం ఊళ్ళ మీదికి పాకింది.

"ఇసాయ్! నా మంచం కింద నీళ్ళేంటి? కుళాయి కట్టి చావలేదా?" కిందనుంచి అక్క అరిచింది.

"పొద్దుట్నించీ నీళ్ళే రావట్లేదుగా అక్కా!"

కంగారులో, చేసింది చెరిపేసే మీట రెండుసార్లు నొక్కాను. మొదటిసారికి నీలం పోయింది. రెండోసారికి ఎర్ర చుక్క పోయింది.

"అక్కా?"

మెట్ల మీంచి వంగి చూస్తే కింద మంచం ఖాళీగా ఉంది.

తిరిగొచ్చి పటంలో అదే చోట మళ్ళీ చుక్క పెట్టాను. రంగు మార్చడం మరిచిపోయాను. చుక్క నీలంగా పడింది.

కింద మంచం కిర్రుమంది. తడి పాదాల చప్పుడు మెట్లెక్కసాగింది.