వేలంలో తాతగారు

“తాతగారి పేరేమిటండీ?”

లీడ్స్ వేలంశాలలో విక్టోరియా రాణి కాలంనాటి మీసాల పెద్దమనిషి తైలచిత్రాన్ని కొన్న టామ్సిన్, దాన్ని అమ్మిన ముసలాయన హోరేస్‌ను అడిగింది. “ఆదివారం కాబోయే అత్తగారు భోజనానికొస్తోంది. నేను అనాథని. గోడమీద ముత్తాతైనా ఉంటే చులకనగా చూడదని!”

హోరేస్ నవ్వాడు. “మీరూ అంతేనా! మా అమ్మ వస్తోందని మా ఆవిడా ఈయన్ని ఇక్కడే కొంది. బార్నబీ తాతని పేరుపెట్టి, తను పోయేదాకా నలభై ఏళ్లు దుమ్ము తుడిచింది.”

టామ్సిన్ వేళ్లు మడిచి లెక్కేసింది. “ఆవిడ ఈయనకు మనవరాలు, నేను మునిమనవరాలిని. అంటే ఆవిడ నాకు పిన్ని, మీరు బాబాయే! ఆదివారం మా తరఫున రావాలి.”

హోరేస్ కాసేపు పటాన్నే చూశాడు. తరవాత పెద్దరికంగా గొంతు సవరించుకున్నాడు.

“వస్తాలే. నువ్వు మాత్రం ఆయన మీసాలకు తడిగుడ్డ తగలనివ్వకు.”