నీ గూడేది?

మబ్బులు నీళ్ళలోకి దిగి నిద్రపోయే చెరువొకటి ఉండేది. దాని ఒడ్డున ఈతచెట్టుకు గిజిగాళ్ళు గూళ్ళు అల్లేవాళ్ళు. సగం అల్లిన గూటిని ఆడపిట్ట లాగి చూసి, అల్లిక నచ్చితేనే కాపురానికి ఒప్పుకునేది.

ఒకనాడు కొంగమామ ఒక యంత్రం తెచ్చాడు. ఇటు గడ్డి వేస్తే అటు గూడు వచ్చేది.

"ఇక మీరంతా హాయిగా కూర్చోండర్రా," అన్నాడు.

గిజిగాళ్ళు కూర్చున్నారు. చెట్టు నిండా కొత్త గూళ్ళు వెన్నెల బుడగల్లా ఊగాయి.

వానలకు ముందు ఒక ఆడపిట్ట వచ్చి, ఒక్కో గూటినీ లాగి చూసింది. అన్నీ గట్టిగానే ఉన్నాయి.

"బాగున్నాయి. వీటిలో నువ్వు అల్లిందేది?" అని కుర్ర గిజిగాణ్ణి అడిగింది.

వాడు తలొంచుకుని, "అన్నీ కొంగమామవే," అన్నాడు.

ఆడపిట్ట ఎగిరిపోయింది.

ఆ ఏడు ఎంత గాలివానకూ ఒక్క గూడూ చెక్కుచెదరలేదు. ఒక్క గూటిలోనూ పిల్లల కిచకిచ వినపడలేదు.